పేరిణి నర్తకుడిని వీడియో గేమ్‌లోకి దింపడం: క్యారెక్టర్ రిగ్ తయారీకి సమగ్ర మార్గదర్శి

త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో చూడముచ్చటగా ఆడిన బొమ్మ, ఆటను నడిపే గేమ్ ఇంజిన్‌లోకి వెళ్లగానే వెల్లకిలా పడుకుంటుంది. లేదంటే వంద రెట్లు పెరిగి తెరంతా నిండిపోతుంది. మోకాలు వంచితే తొడ నలిగి సన్నబడుతుంది. ఇంజిన్‌ది తప్పని ఒకరు, బ్లెండర్‌ది తప్పని మరొకరు వాదించుకుంటారు. చాలాసార్లు ఆ రెండింటి తప్పూ ఉండదు. యానిమేటర్ పట్టుకుని ఆడించే రిగ్‌నూ, ఆటలో పనిచేసే అస్థిపంజరాన్నీ ఒకటే అనుకోవడం దగ్గరే చిక్కు మొదలవుతుంది. అవి రెండు వేర్వేరు వస్తువులు. వరంగల్ కొత్తవాడలో దర్రీ కొన్నవారు మగ్గాన్ని వెంట తీసుకుపోరు. అలాగే కంట్రోలర్లు (యానిమేటర్ పట్టుకునే పిడులు), ఐకే గొలుసులు (పాదాన్ని జరిపితే కాలంతా వెంట వంగే ఏర్పాటు), కన్‌స్ట్రెయింట్లు (ఒక బోన్‌ను మరోదానికి కట్టే నియమాలు) అన్నీ మీ కంప్యూటర్‌లోనే ఉండాలి. ఇంజిన్‌కు వెళ్లేవి మెష్ (బిందువులతో అల్లిన బొమ్మ పై ఆకారం), సాదాసీదా బోన్ల (ఎముకల) చెట్టు, ఆ బోన్ల కదలికలు మాత్రమే.

ఉదాహరణకు పేరిణి నర్తకుడిని తీసుకుందాం. కాకతీయుల కాలపు వీరనాట్యంగా పేరుపడి, మరుగున పడిపోయి, ఇరవయ్యో శతాబ్దంలో నటరాజ రామకృష్ణ కృషితో మళ్లీ వేదిక ఎక్కిన తాండవం అది. ఓరుగల్లు నేపథ్యంగా ఆట తయారు చేయాలనుకునేవారికి మొదట తట్టే పాత్రల్లో ఇదొకటి. పైగా రిగ్ విషయంలో ఇది కఠిన పరీక్ష. లోతైన అరమండి (మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్న భంగిమ), పాదాలతో బలమైన తాడనం, వేళ్లతో ముద్రలు, కాలికి గజ్జెలు, కుచ్చిళ్ల ధోవతి అన్నీ ఉంటాయి. దీన్ని సరిగా దింపగలిగితే మామూలు సైనికుడు, రైతు, పూజారి పాత్రలు పెద్ద శ్రమ కావు.

పనిముట్ల కోసం అప్పులు చేయనక్కర్లేదు. బ్లెండర్, గోడో అనే గేమ్ ఇంజిన్ రెండూ ఉచితం. హనుమకొండలో అద్దె గదిలో ఉండే విద్యార్థి మధ్యరకం ల్యాప్‌టాప్ మీద కూడా ఇదంతా నడుస్తుంది. యూనిటీ, అన్‌రియల్ అనే మరో రెండు ఇంజిన్లలో తేడా ఉన్నచోట ఆ సంగతి విడిగా చెబుతాను.

1. అన్నిటికన్నా ముందు ఖాళీ పరీక్ష

మోడల్ పూర్తయ్యేదాకా ఆగకండి. ఒక పెట్టె తీసుకుని మనిషంత ఎత్తుకు సాగదీయండి. అందులో మూడు బోన్లు పెట్టి, ఒక ఊగే కదలిక ఇచ్చి, ఇంజిన్‌లోకి పంపండి. నిటారుగా నిలబడిందా, మీ వైపే చూస్తోందా, ఎత్తు సరిపోయిందా, కదిలిందా? ఈ నాలుగూ సరిపోతేనే దారి బాగున్నట్టు. ఆరు వారాలు చెక్కిన పాత్రతో దారి వెతుక్కోవడం కన్నా పెట్టెతో వెతుక్కోవడం మేలు.

తేడాలు ఎక్కడి నుంచి వస్తాయో తెలిస్తే భయం పోతుంది. బ్లెండర్‌లో పైదిశ జెడ్ అక్షం, కొలత మీటరు. యూనిటీ, గోడోలలో పైదిశ వై, కొలత మీటరే. అన్‌రియల్‌లో పైదిశ జెడ్, కానీ లెక్క సెంటీమీటర్లలో ఉంటుంది. పడుకోవడాలు, వంద రెట్లు పెరగడాలు దాదాపు అన్నీ ఈ మూడు వాక్యాల నుంచే పుడతాయి.

2. మోడల్: శిల్పం చూడండి, శిల్పాన్నే నమ్ముకోకండి

రామప్ప గుడికి తప్పక వెళ్లండి. వరంగల్ నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, ములుగు జిల్లా పాలంపేటలో ఉంది. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయానికి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. స్తంభాల మీది నర్తకుల మోకాళ్లు ఎంత బయటికి తిరిగాయో, నడుము ఎటు వంగిందో, బరువు ఏ కాలి మీద ఉందో దగ్గరగా ఫొటోలు తీసుకోండి. అయితే రాయి ఒక భంగిమనే చెబుతుంది, ఒక భంగిమ నుంచి మరో భంగిమకు ఎలా వెళ్లాలో చెప్పదు. అందుకే నేర్చుకున్న నర్తకుడిని అడిగి, ఎదురు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, పాదాల దాకా కనిపించేలా వీడియోలు తీసుకోవాలి. పాదాలు ఫ్రేమ్ బయటికి పోయిన పేరిణి వీడియో రిగ్‌కు పనికిరాదు.

మోడల్ పాదాలు నేల మీద, సున్నా బిందువుకు అటూ ఇటూ సమానంగా ఉండాలి. ముఖం బ్లెండర్‌లో రుణ వై దిశ వైపు, అంటే ఎదుటి దృశ్యంలో మన వైపు, తిరిగి ఉండాలి. ఎత్తు నిజం మనిషిదే పెట్టండి, 1.7 మీటర్లు అనుకుందాం. ఆ తర్వాత కంట్రోల్-ఎ నొక్కి స్థానం, తిప్పుడు, స్కేలు మూడింటినీ స్థిరపరచండి. స్కేలు 1 కాకుండా బోన్లు కలిపితే ఆ పొరపాటు చివరిదాకా వెంటాడుతుంది.

చేతులు పూర్తిగా చాచిన టీ భంగిమ మంచిదా, సగం దించిన ఏ భంగిమ మంచిదా అన్న వాదన ఎప్పుడూ ఉన్నదే. ఈ పాత్రకు నా ఓటు ఏ భంగిమకే. భుజం ఒకవైపు తల మీదికి, మరోవైపు నడుము దగ్గరికి రెండు దిశల్లోనూ పోవాలి కాబట్టి మధ్యలో మొదలుపెడితే రెండు వైపులా నలుగుడు తగ్గుతుంది. వేళ్లను కొద్దిగా విడదీసి మోడల్ చేయండి, లేకపోతే ముద్రలు పట్టేటప్పుడు పక్కపక్క వేళ్ల బరువులు (ఏ బిందువును ఏ బోన్ ఎంత కదిలించాలన్న లెక్కలు) కలిసిపోతాయి. మోచేయి, మోకాలి దగ్గర కనీసం మూడేసి అంచు వలయాలు (మెష్‌లో చుట్టూ తిరిగే గీతలు) ఉండాలి. తుంటి దగ్గర ఇంకో రెండు అదనంగా ఇవ్వండి. అరమండి భారమంతా అక్కడే పడుతుంది.

ధోవతి కింద కనిపించని తొడ భాగాన్ని తీసేయండి. లేని చర్మం బట్టలోంచి బయటికి పొడుచుకు రాదు.

3. ఆట కోసం అస్థిపంజరం: లెక్క వేసి కట్టండి

ఒక్కో బోన్‌కూ ఫోను ప్రాసెసర్ ప్రతి ఫ్రేమ్‌లో లెక్క కడుతుంది. అందుకే ముందే లెక్క వేయాలి. రూట్ ఒకటి, కటి ఒకటి, వెన్ను మూడు, మెడ రెండు, తల ఒకటి, మొత్తం ఎనిమిది. చేతులకు కాలర్, పైచేయి, ముంజేయి, అరచేయి చొప్పున ఎనిమిది. కాళ్లకు తొడ, పిక్క, పాదం, మునివేళ్లు చొప్పున ఎనిమిది. ఇక్కడికి 24. వేళ్లకు మూడేసి చొప్పున 30 కలిపితే 54. పైచేయి, ముంజేయి, తొడ, పిక్క ఒక్కోదాన్నీ రెండు ముక్కలు చేస్తే ఇంకో ఎనిమిది, 62. ధోవతి ముందు కుచ్చిళ్లకు రెండు, వెనుక ఒకటి, ఆయుధం పట్టుకోవడానికి కుడి అరచేతిలో ఒకటి. మొత్తం 66.

తెర మీద ఒకరిద్దరు నర్తకులే ఉంటే ఇది భారం కాదు. ఇరవై మంది బృందం ఆడాలంటే ముందు వరుసలోని వారికే వేళ్లు ఉంచి, వెనుకవారికి వేళ్ల బోన్లు తీసేసిన రెండో రకం మోడల్ చేయండి. మామూలు ఆటల్లో వేళ్లను మొదట కోస్తారు. పేరిణిలో మాత్రం ముద్రలే పోతే పాత్రే పోతుంది, కాబట్టి పొదుపు ధోవతి దగ్గర చూసుకోవాలి.

రూట్ బోన్ రెండు పాదాల మధ్య, సరిగ్గా సున్నా బిందువు దగ్గర, నేల మీద ఉండాలి. దానికి మెష్‌లో ఏ బిందువునూ అతికించకూడదు. పాత్ర ఎక్కడుందో ఇంజిన్‌కు చెప్పడమే దాని పని. దీన్ని వదిలేసి కటినే మొదటి బోన్‌గా పెట్టేవారు చాలామంది. పక్కకు దూకే అడుగు వచ్చినప్పుడు వారికి ఇబ్బంది తెలుస్తుంది.

పేర్ల విషయంలో క్రమశిక్షణ తప్పదు. ఎడమవైపు బోన్ పేరు చివర అండర్‌స్కోరూ చిన్న ఎల్ అక్షరమూ, కుడివైపు అండర్‌స్కోరూ చిన్న ఆర్ అక్షరమూ పెట్టండి. ఈ పద్ధతిని బ్లెండర్ అద్దం పనిముట్లు గుర్తిస్తాయి, అన్‌రియల్‌లోనూ ఇదే వాడుక. పేర్లలో ఖాళీలు, తెలుగు అక్షరాలు వద్దు. భాషాభిమానం ఆటలోని మాటల్లో చూపించుకోవచ్చు. అన్‌రియల్‌కు పంపేవారు ఇంకొక్కటి గుర్తుంచుకోవాలి. బ్లెండర్‌లో బోన్లన్నీ ఉండే ఆర్మేచర్ వస్తువు పేరు 'ఆర్మేచర్' అనే ఇంగ్లీషు మాటగానే ఉంచండి. వేరే పేరు పెడితే అన్‌రియల్ దాన్నే ఇంకో రూట్ బోన్‌గా నెత్తిన పెడుతుంది.

4. ఆడించే రిగ్‌ను పక్కన కట్టండి

బ్లెండర్‌తో వచ్చే, రిగ్‌ను తనే కట్టిపెట్టే రిగిఫై చాలా మంచి సాధనం. కానీ అది తయారు చేసిన రిగ్‌ను నేరుగా ఎక్స్‌పోర్ట్ చేయకండి. రిగిఫైలో చర్మాన్ని కదిలించే బోన్లు అన్నీ ఒకదానికొకటి వేలాడవు. కొన్ని మధ్యలో సహాయక బోన్లకు వేలాడతాయి. 'కదిలించే బోన్లు మాత్రమే' అని ఎక్స్‌పోర్ట్‌లో ఎంచుకున్నా, వాటి పైనున్న సహాయక బోన్లు కూడా వెంట వచ్చేస్తాయి. ఇంజిన్‌లో చూస్తే అక్కరలేని బోన్ల అడవి కనిపించడానికి ఇదొక కారణం.

దీనికి మార్గం ఉంది. రిగిఫై రిగ్‌ను నకలు తీయండి. నకలులో డెఫ్ అనే మూడక్షరాలతో మొదలయ్యే బోన్లు తప్ప మిగతావన్నీ తుడిచేయండి. మిగిలినవాటిని తొడకు పిక్క, పిక్కకు పాదం అన్నట్టు సహజమైన వరుసలో కలపండి. కొత్త రూట్ ఒకటి చేర్చి కటిని దానికి తగిలించండి. పేర్లు పైన చెప్పిన పద్ధతిలోకి మార్చండి. చేతులు, కాళ్ల బోన్లను రిగిఫై రెండేసి ముక్కలుగానే ఇస్తుంది కాబట్టి ఆ ముక్కల విషయంలో మన లెక్క సరిపోతుంది. ఇప్పుడు ఈ ఆట అస్థిపంజరంలో ప్రతి బోన్‌కూ 'కాపీ రొటేషన్' కన్‌స్ట్రెయింట్ పెట్టి, రిగిఫైలోని దాని జతకు కట్టండి. రూట్‌కు, కటికి మాత్రమే 'కాపీ లొకేషన్' కూడా ఇవ్వండి. రూట్ అనుసరించాల్సింది రిగిఫై రూట్ కంట్రోలర్‌ను.

'కాపీ ట్రాన్స్‌ఫార్మ్స్' అన్న ఒక్క కన్‌స్ట్రెయింట్ పెడితే పని త్వరగా అవుతుంది కదా అని అడగవచ్చు. అవుతుంది, కానీ దాంతోపాటు సాగుళ్లు కూడా వస్తాయి. రిగిఫైలో చేయి అందకపోతే సాగే ఏర్పాటు ఉంటుంది. ఒకవైపే సాగిన బోన్ స్కేలును ఒక్కో ఇంజిన్ ఒక్కో తీరుగా చూస్తుంది. తిప్పుడును మాత్రమే తీసుకుంటే బోన్ పొడవు ఎప్పటికీ మారదు. బదులుగా మీరు చేయాల్సిందల్లా రిగిఫైలో ఐకే సాగుడును ప్రతి చేతికీ కాలికీ సున్నా చేయడం. లేకపోతే కంట్రోలర్ దగ్గర పాదం నేలను తాకినట్టు కనిపించి, ఆట అస్థిపంజరంలో పైకి తేలుతుంది. వంగే బెండీ బోన్లు కూడా ఇంజిన్లకు అర్థం కావు, వాటి ముక్కల సంఖ్యను ఒకటి చేయండి.

5. బరువులు: ఓపిక ఇక్కడ పెట్టండి

మెష్‌ను ఆట అస్థిపంజరానికి కలిపి ఆటోమేటిక్ వెయిట్స్ ఇస్తే సగం పని అయిపోతుంది. 'బోన్ హీట్' విఫలమైందని సందేశం వస్తే సాధారణంగా ఒకే చోట రెండు బిందువులు ఉన్నాయని అర్థం. దగ్గరి బిందువులను కలిపి మళ్లీ ప్రయత్నించండి.

ఆ తర్వాత మొదట చేయాల్సిన పని ఆర్మేచర్ మాడిఫయర్‌లో 'ప్రిజర్వ్ వాల్యూమ్' గుర్తు తీసేయడం. ఆ గుర్తు ఉన్నంతసేపు బ్లెండర్ మెరుగైన లెక్కతో కీళ్లను నిండుగా చూపిస్తుంది. ఇంజిన్లు మామూలుగా వాడేది సాదా లీనియర్ లెక్క. అక్కడ ముంజేయి తిరిగితే మణికట్టు మెలిపడి సన్నబడుతుంది. ఆ వికారం ఏదో ముందు బ్లెండర్‌లోనే కనబడితే సరిదిద్దుకోవచ్చు. రెండేసి ముక్కల బోన్లు ఉన్నది ఇందుకే. తిప్పుడును రెండు ముక్కలూ పంచుకుంటే మెలి ఒకేచోట పడదు. తొడ పైభాగం నుంచి మోకాలి దాకా బరువు మొదటి ముక్క నుంచి రెండో ముక్కకు మెల్లగా జారేలా పెయింట్ చేయండి.

ఇప్పుడు కసరత్తు కదలిక ఒకటి తయారు చేయండి. పది ఫ్రేములకు ఒక భంగిమ చొప్పున చేతులు తల మీదికి, చేతులు ఛాతీ ముందుకు, పూర్తి అరమండి, ఒంటికాలి మీద నిలబడి రెండో మోకాలు ఛాతీ దాకా, నడుము ఇరువైపులా. దీన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ పెయింట్ చేయాలి. నిలబడ్డ భంగిమలో చేసిన పెయింట్ అందంగా ఉన్నా పనికి రాదు.

గజ్జెల సంగతి విడిగా చెప్పాలి. వాటిని ఆటోమేటిక్ వెయిట్స్‌కు వదిలితే పాదం వంచగానే లోహపు గజ్జెలు రబ్బరులా సాగుతాయి. గజ్జెల పట్టీలోని ప్రతి బిందువునూ పిక్క రెండో ముక్కకు పూర్తి 1.0 బరువుతో కట్టేయండి. అంతటితో పని అయిపోదు. పట్టీ కింద ఉన్న చర్మానికి పాదం బోన్ బరువు కొంత ఉంటుంది. పాదం వంగినప్పుడు ఆ చర్మం గజ్జెల్లోంచి బయటికి పొడుచుకొస్తుంది. కాబట్టి పట్టీ ఆక్రమించినంత మేర చర్మానికి కూడా అదే 1.0 ఇవ్వండి. వంపు పట్టీ దిగువన, చీలమండ దగ్గర మొదలవుతుంది. మొలనూలుకు, చేతి కడియాలకు ఇదే సూత్రం. ధోవతికి మాత్రం కాలి మెష్ నకలు నుంచి 'డేటా ట్రాన్స్‌ఫర్'తో బరువులు తెచ్చుకుని, కుచ్చిళ్లను విడిగా వాటి బోన్లకు ఇవ్వండి.

చివరగా కోత. ఒక బిందువు మీద నాలుగు బోన్లకు మించి ప్రభావం ఉండకూడదు. 0.01 కన్నా తక్కువ బరువులను తుడిచి, 'లిమిట్ టోటల్'ను నాలుగుకు పెట్టి, అన్నిటినీ నార్మలైజ్ చేయండి (ఒక్కో బిందువు బరువుల మొత్తం 1 అయ్యేలా). ఈ వరుస మార్చకండి. దీని తర్వాత ఎక్కడైనా బరువులు నునుపు చేస్తే ఐదో బోన్ మళ్లీ చొరబడుతుంది, కోత మళ్లీ చేయాల్సిందే. యూనిటీ వాడేవారు క్వాలిటీ సెట్టింగుల్లో 'స్కిన్ వెయిట్స్' కూడా చూడాలి. తక్కువ స్థాయిలో అది రెండు బోన్లకు పెట్టి ఉంటే, కంప్యూటర్‌లో నున్నగా ఉన్న భుజం ఫోనులో విరిగినట్టు కనిపిస్తుంది.

6. కదలికలు

యానిమేషన్ అంతా రిగిఫై రిగ్ మీదే చేయండి. ఒక్కో కదలికకు ఒక్కో యాక్షన్, అర్థమయ్యే పేరు, పక్కన డాలు గుర్తు నొక్కి ఉండటం తప్పనిసరి. డాలు నొక్కని యాక్షన్‌ను ఎవరూ వాడకపోతే, ఫైలు మూసి తెరిచేసరికి అది ఉండదు.

తిరిగి తిరిగి ఆడే కదలికలో మొదటి ఫ్రేమ్, చివరి ఫ్రేమ్ ఒకే భంగిమ కావాలి. గోడోలో యాక్షన్ పేరు చివర హైఫన్‌తో లూప్ అని చేర్చితే ఇంపోర్ట్ సమయంలోనే దాన్ని చక్రంగా గుర్తిస్తుంది.

ఏ కదలికలో రూట్ జరగాలి, ఏ కదలికలో జరగకూడదు అన్నది ప్రోగ్రామర్‌తో కూర్చుని ముందే తేల్చుకోండి. నడక, పరుగు ఉన్నచోటే ఆడాలి, ముందుకు జరిపేది కోడ్. పక్కకు దూకే అడుగులు, కత్తి దూసి ముందుకు దూసుకెళ్లే దాడి మాత్రం రూట్ బోన్‌తోనే జరగాలి, లేదంటే పాదాలు నేల మీద జారుతున్నట్టు ఉంటుంది.

యాక్షన్లు తయారయ్యాక ఫైలుకు నకలు తీసి, నకలులో ఆట అస్థిపంజరాన్ని ఎంచుకుని ఒక్కో యాక్షన్‌నూ బేక్ చేయండి, అంటే కన్‌స్ట్రెయింట్ల వల్ల వచ్చే కదలికను బోన్ల సొంత కదలికగా రాయించండి. 'విజువల్ కీయింగ్' ప్రతిసారీ పెట్టాలి. 'క్లియర్ కన్‌స్ట్రెయింట్స్' పెడితే కన్‌స్ట్రెయింట్లు పోతాయి కాబట్టి, రెండో యాక్షన్ కోసం కంట్రోల్-జెడ్ నొక్కి వెనక్కు వెళ్లే పని లేకుండా, ఆ గుర్తు చివరి యాక్షన్ దాకా పెట్టకుండా ఉంచి, కన్‌స్ట్రెయింట్లను చివర్లో ఒకేసారి తీసేయడం తేలిక. అసలు ఫైలును మాత్రం ముట్టుకోవద్దు.

7. ఎక్స్‌పోర్ట్

గోడోకు జీఎల్‌బీ అనే ఫైలు రకం సరైన ఎంపిక. అక్షాల గొడవ అందులో ఉండదు. యూనిటీ, అన్‌రియల్‌లకు ఎక్కువమంది ఎఫ్‌బీఎక్స్ అనే ఫైలు రకం వాడతారు. అందులో 'యాడ్ లీఫ్ బోన్స్' ముందే గుర్తు పెట్టి ఉంటుంది, తీసేయండి. ఉంచితే ప్రతి వేలి కొసకూ, తలకూ పనికిరాని బోన్ ఒకటి మొలుస్తుంది. 'సింప్లిఫై' విలువ సున్నా చేయండి. యూనిటీ కోసమైతే 'అప్లై స్కేలింగ్స్'లో 'ఎఫ్‌బీఎక్స్ ఆల్' ఎంచుకుంటే స్కేలు 100 కాకుండా 1 వస్తుంది. మిగిలిన తొంభై డిగ్రీల తిప్పుడును యూనిటీ ఇంపోర్ట్‌లోని 'బేక్ యాక్సిస్ కన్వర్షన్' చూసుకుంటుంది. అన్‌రియల్‌లో రూట్ బోన్ స్కేలు 100గా కనబడితే రూట్ కదలికలు, ఫిజిక్స్ చెడతాయి. అందుకు చాలామంది బ్లెండర్‌లో యూనిట్ స్కేలు 0.01 పెట్టి, పాత్రను వంద రెట్లు పెంచి, స్కేలు స్థిరపరచి పనిచేస్తారు. ఇది రిగ్ కట్టకముందే చేయాలి.

8. ఇంజిన్‌లో: పాదం నేలను తాకే క్షణం

యూనిటీలో హ్యూమనాయిడ్, జెనరిక్ అని రెండు దారులు. ఇతరులు చేసిన కదలికలను మీ పాత్రకు తగిలించాలంటే హ్యూమనాయిడ్. దానికి కనీసం 15 బోన్లు సరిగ్గా జతపడాలి. మీ పేరిణి కదలికలు మీ పాత్రకే అయితే జెనరిక్ మేలు. హ్యూమనాయిడ్ ప్రతి భంగిమనూ తన కండరాల లెక్కలోకి మార్చి తిరిగి ఇస్తుంది, ఆ మార్పిడిలో ముద్రల పొందిక చెదురుతుంది. గోడోలో ఇదే పనికి బోన్ మ్యాప్ ఉంది.

యూనిటీ ఇంపోర్ట్‌లో యానిమేషన్ కుదింపు కోసం తిప్పుడు దోషం 0.5 వరకు అనుమతించి ఉంటుంది. నడకలో అది కంటికి కనబడదు. తుంటి నుంచి పాదం దాకా నాలుగైదు బోన్ల చిన్న చిన్న తప్పులు కలిసి, స్థిరంగా నిలవాల్సిన పాదం సన్నగా వణుకుతుంది. తాడనం ఉన్న కదలికలకు ఆ దోషాన్ని బాగా తగ్గించండి, లేదా కుదింపు ఆపేయండి.

శబ్దం కోసం పాదం నేలను తాకే ఫ్రేమ్‌లో గుర్తు పెట్టండి. యూనిటీలో యానిమేషన్ ఈవెంట్, అన్‌రియల్‌లో నోటిఫై, గోడోలో మెథడ్ ట్రాక్. ఒక్క తాడనానికి రెండు శబ్దాలు వేరుగా ఉంచండి. పాదం దెబ్బ ఒకటి, గజ్జెల మోత ఒకటి. గజ్జెలు పాదం లేచేటప్పుడు కూడా మోగుతాయి కాబట్టి వాటికి అదనంగా ఇంకో గుర్తు కావాలి. నడక నుంచి నాట్యంలోకి కలిసే సమయంలో రెండు కదలికల గుర్తులూ పేలి మోత రెట్టింపవుతుంది. అన్‌రియల్ నోటిఫైలో కనీస బరువు పరిమితి పెట్టుకోవచ్చు. యూనిటీలో ఈవెంట్‌తో వచ్చే క్లిప్ సమాచారంలోని బరువును కోడ్‌లో చూసి, సగం కన్నా తక్కువైతే శబ్దం వదిలేయండి.

9. అప్పగింత

బరువులు ఖాయమయ్యాక బోన్ పేర్లు మార్చకండి. పేరు మారితే ఇంజిన్‌లోని పాత కదలికలు ఆ బోన్‌ను వెతుక్కుంటూ ఆగిపోతాయి. కొత్తగా డాలు పట్టించాల్సి వస్తే ఎడమ అరచేతి కింద బోన్ చేర్చండి, ఉన్న వరుస మధ్యలో దూర్చకండి. ప్రోగ్రామర్‌కు ఫైలుతో పాటు ఒక పేజీ రాసివ్వండి. సెకనుకు ఎన్ని ఫ్రేములు, ఏ యాక్షన్ పేరు ఏమిటి, ఏవి చక్రాలు, ఏవి రూట్‌తో జరిగేవి, తాడనాలు ఏ ఏ ఫ్రేముల్లో పడతాయి, ఆయుధం ఏ బోన్‌కు తగిలించాలి. రిగిఫై ఉన్న అసలు ఫైలు, బేక్ చేసిన నకలు వేర్వేరు ఫోల్డర్లలో ఉండాలి. ప్రోగ్రామర్‌కు చేరాల్సింది నకలు నుంచి వచ్చిన ఎక్స్‌పోర్ట్ ఫైలు మాత్రమే.